వీపు తిప్పి నిలబడ్డ మనిషి

తాండూరు,
జూలై 6

మహేశ్వరక్కా,

నువ్విచ్చిన ఫారం నింపి పోస్టులో వేశాను. కౌంటర్ దగ్గర ఉన్నాయన "విశాఖపట్నమా? ఆడ నీకెవరున్నరమ్మా?" అని అడిగితే నాకు నోరు పెగల్లేదు. "మా పెద్దమ్మ బిడ్డ" అనే మూడు మాటలు చెప్పడానికి ఎంతసేపు తీసుకున్నానంటే, వెనక వరసలో వాళ్ళు నవ్వారు. అవే మాటలు నీకు ఫోనులో చెప్పాలంటే ఇంకెంతసేపు పడుతుందో! ఇంట్లో ఉన్నది ఒకటే ఫోను. అది పొద్దున్నే మా ఆయనతో బండల పాలిష్ యూనిట్‌కు పోతుంది. సాయంత్రం మాట్లాడదామంటే అత్తమ్మ పక్కన చేరి "ఏమంటున్నదే, ఏమంటున్నదే" అని నా ముఖంలోకే చూస్తుంది. అందుకే ఉత్తరం. ఏడో తరగతి దాకా నేర్చుకున్నది దీనికైనా అక్కరకొచ్చింది.

ఎండాకాలంలో నువ్వు మా పెరట్లో గోడకు ఆనించిన నాపరాయి పలకలు చూసి నిలబడిపోవడం నాకింకా కళ్ళ ముందే ఉంది. అవి యూనిట్‌లో విరిగిన ముక్కలు. నీళ్ళ తొట్టి దగ్గర బురద కాకుండా పరుద్దామని మా ఆయన తెచ్చినవి. మధ్యాహ్నం అత్తమ్మ నిద్రపోయాక మేకుతో గీస్తాను. గీతల్లో పొయ్యి మసి, పల్లినూనె కలిపి రుద్ది గుడ్డతో తుడిస్తే గీత మాత్రం నల్లగా మిగులుతుంది. అంతే, ఇందులో పెద్ద విద్యేమీ లేదు.

"అందరూ వీపు తిప్పి నిలబడ్డరేందే? ఒక్కదానికన్న ముఖం లేదు" అని అడిగావు. నాకు మనుషుల ముఖాల్లోకి చూడడం చేతకాదు అక్కా. బోరింగు దగ్గర, బస్సులో, పెళ్ళిళ్ళలో నేను ఎక్కువగా చూసేది వీపులే. వీపులు నాకు బాగా తెలుసు.

నువ్వు పనిచేసే చోట మొదటిసారి బొమ్మలు పెట్టేవాళ్ళను ఇరవై మందిని తీసుకుంటారన్నావు. డిసెంబరులో సముద్రం ఒడ్డున ప్రదర్శన, తర్వాత నెల రోజులు అక్కడే ఉండి పని చేసుకోవచ్చన్నావు. మా ఆయనకు చెప్పాను. "రానీ, చూద్దం" అన్నాడు. అత్తమ్మకు చెప్పలేదు.

నీ చెల్లెలు
శ్యామల


విశాఖపట్నం,
ఆగస్టు 22

శ్యామలా,

కోపంగా ఉన్నాను. కాబట్టి కుశలప్రశ్నలు లేవు.

నిన్న ఎంపికైన ఇరవై మంది పేర్లు మా హాలు బోర్డు మీద పెట్టారు. అంటించింది నేనే. అంటిస్తూ పేర్లు మాత్రం చూశాను, అంటించాక మళ్ళీ చూశాను. నీ పేరు లేదు. స్టూలు మీద నుంచి దిగి ఒక మూల కూర్చుని, ఇంటికి వెళ్ళి నీకు ఏమని రాయాలా అని మాటలు వెతుక్కున్నాను. అప్పుడు మా మనోరమ గారు వచ్చారు. బొమ్మలు ఎంపిక చేసేది ఆవిడే. "మీ తాండూరు అమ్మాయి వచ్చిందోయ్, మిఠాయి ఏదీ?" అన్నారు.

పద్నాలుగో పేరు. "అశ్విని, తాండూరు. నాపరాయి మీద గీతలు, మూడు పలకలు."

అశ్విని ఎవరే?

ఫొటోలు నేను తీసినవే. ఫారం నీ చేతికి ఇచ్చింది నేను. చేతిరాత నీదే, "శ"కు కొమ్ము అతికించినట్టు రాసే రాత. ఎవరైనా నీ చేత రాయించారా? మీ అత్తా? మీ ఆయనా? భయపడకుండా చెప్పు. మనోరమ గారికి ఇంకా ఏమీ చెప్పలేదు. ఆవిడ నీ పలకల ఫొటోలు బల్ల మీద పరుచుకుని, "ఈ పిల్లకు ముఖం గీయడం రాదా, ఇష్టం లేదా?" అని అడుగుతున్నారు. "ఆ పిల్లకే ముఖం లేదండీ" అని చెబుదామనిపించింది.

వెంటనే రాయి.

మహేశ్వరి


తాండూరు,
సెప్టెంబరు 1

అక్కా,

నువ్వడిగిన దానికి జవాబు నా మెడలో ఉంది.

అశ్విని మా ఆయన మొదటి భార్య. పెళ్ళైన రెండో ఏడే జ్వరమొచ్చి చనిపోయింది. అప్పటికి ఆమెకు ఇరవై ఏళ్ళు. ఇప్పటికి ఆరేళ్ళయింది. ఆ మరుసటేడు నన్ను తెచ్చుకున్నారు. నా పెళ్ళినాడు పుస్తెలకంటే ముందు అవుసలాయన చేసిన చిన్న వెండి బిళ్ల నా మెడలో వేశారు. బొటనవేలి గోరంత ఉంటుంది, మీద చేతులు దించి నిలబడ్డ ఆడమనిషి రూపు. దాన్ని సవతి బిళ్ల అంటారు. మీ ఇంట్లో ఎవరికీ రెండో పెళ్ళి కాలేదు కాబట్టి నీకు తెలియకపోవచ్చు. పెద్దమ్మనడుగు, చెబుతుంది.

కొత్త చీర కట్టేముందు దానికి తాకించాలి. అన్నంలో మొదటి ముద్ద ఆమె పేరున పక్కన పెట్టాలి. గాజులైనా, గిన్నెలైనా, చెట్టు మొదటి కాయైనా ముందు ఆమెది, తర్వాత నాది. పెళ్ళైన ఏడు దసరాకు ఆకుపచ్చ చీర తాకించడం మరిచి కట్టేశాను. సాయంత్రానికి ఊపిరి అందలేదు. దవాఖానలో జబ్బేమిటో తేలలేదు, సూది వేసి పంపారు. అత్తమ్మ ఆ చీర విప్పించి బిళ్లకు తాకించింది. తెల్లారేసరికి తగ్గింది. సూది మందుకు తగ్గిందో, దానికి తగ్గిందో నాకు తెలియదు. తెలుసుకోవడానికి మళ్ళీ మరిచి చూసే ధైర్యం లేదు.

నా చేత్తో చేసినది గడప దాటి పోవడం ఇదే మొదలు. ఫారంలో పేరు దగ్గరికి వచ్చేసరికి చెయ్యి ఆగిపోయింది. మొదటిది ఆమెది కదా. ఆమె పేరే రాశాను. నా పేరుకు ఇంకో ఫారం ఉంటుందనుకున్నాను. ఉండేది ఒక్కటేనని నాకెవరూ చెప్పలేదు. నేనెవరినీ అడగలేదు.

నన్నెవరూ బలవంతం చేయలేదు. తప్పు నాదే.

నాకు రావాలని ఉంది అక్కా. ఆ గోడ మీద నా పేరు చూసుకోవాలని ఉంది. ఈ మాట మా ఆయనకు కూడా చెప్పలేదు. నీకు రాయడానికే రెండు రోజులు పట్టింది.

శ్యామల


విశాఖపట్నం,
సెప్టెంబరు 19

శ్యామలా,

తిట్టనులే. అమ్మనడిగాను. "అయ్యో, నీకు తెల్వదా? పాపం, చిన్నపిల్ల, భయపడ్డది" అంది. నన్నే తిట్టింది, ఫారం నేనే దగ్గరుండి నింపించాల్సిందట.

ఇక పని సంగతి విను. ఇక్కడ నెల రోజులు ఉండేవాళ్ళు ఆధార్ కార్డు చూపించాలి. ఫారంలో పేరు, కార్డులో పేరు ఒకటి కావాలి. అశ్విని పేరున నువ్వు గేటు దాటలేవు. మనోరమ గారికి ఉన్నది ఉన్నట్టు చెప్పాను. "ఆ అమ్మాయి తన చేత్తో, ఈ పలకలు నేను చేసినవి అని రాసి సంతకం పెట్టి పంపితే చాలు. నవంబరు పదిన పేర్లు అచ్చుకు పోతాయి, ఆ లోపు రావాలి" అన్నారు. ఒక్క వాక్యం. నీ పేరు నీకు వస్తుంది.

పలకలు మొన్న చేరాయి. మీ ఆయన యూనిట్ బండల లోడుతో వచ్చిన లారీ డ్రైవరు వరిగడ్డిలో చుట్టిన మూడింటినీ పసిబిడ్డల్లా దించాడు. ఒక్క అంచు కూడా పెచ్చు లేవలేదు. సముద్రం వైపు కిటికీ ఎదురుగా ఇనుప స్టాండ్ల మీద నిలబెట్టాను. ఎడమ నుంచి మొదటిది, రెండోది, మూడోది, నువ్వు వెనక అంకెలు వేసినట్టే.

మొదటి పలకలో ఆవిడ చెవి ఎంత చక్కగా గీశావే! ఎండాకాలంలో చూసినప్పుడు గమనించలేదు. తమ్మె చీలి రెండైన చెవి, ఆ చీలిక పైన చిన్న కమ్మ. ఇంత సన్నని గీత మేకుతో ఎలా వచ్చింది?

త్వరగా ఆ కాగితం పంపు.

మహేశ్వరి


తాండూరు,
సెప్టెంబరు 30

అక్కా,

నేను చెవి గీయలేదు.

మూడు పలకల్లోనూ నెత్తిన కొంగు చెవుల కింది దాకా దించి గీశాను. చెవులు గీయడం కష్టమని అలా దించాను. నీ ఉత్తరం చదివి, ఇంకేదైనా పలక చూసి పొరబడ్డావనుకున్నాను. కానీ చీలిన తమ్మె అని రాశావే, ఆ మాట నన్ను కూర్చోనివ్వలేదు.

అత్తమ్మ బియ్యం చెరుగుతుంటే పక్కన కూర్చుని, ఊరికే అడుగుతున్నట్టు అడిగాను.

"అత్తమ్మా, అశ్వినక్క చెవులకు ఏం పెట్టుకునేది?"

చాట ఆగింది. "ఎందుకు?"

"ఊరికెనే."

"కుడి చెవికి చిన్న కమ్మ. జాతరల ఎవని పోరడో జుంకి పట్టి గుంజితె తమ్మె తెగింది. తెగిన కాడ అతికిపిచ్చుకోలె, జర పైన మల్ల కుట్టిపిచ్చుకున్నది." చాట పక్కన పెట్టి నా వైపు చూసింది. "నీకెవడు చెప్పిండు? వాడు చెప్పిండా?"

మా ఆయన ఈ ఐదేళ్ళలో ఆమె పేరు ఒక్కసారి కూడా ఎత్తలేదు. ఇంట్లో ఆమె ఫొటో లేదు. ఉన్నవన్నీ దినాల నాడు కాగ్నా నదిలో కలిపేశారు. నేను ఆమెను ఎప్పుడూ చూడలేదు.

చెప్పాల్సి వచ్చింది. అంతా చెప్పాను. వైజాగు, పలకలు, ఫారం, పేరు అన్నీ. తిడుతుందనుకున్నాను. ఆమె చాలా మెల్లగా మాట్లాడింది.

"ఆమె పేరున పెట్టింది ఆమె తీసుకున్నది. పెట్టిన ముద్ద మల్ల నోట్లెకు తీసుకుంటరా ఎవరన్న? వద్దు బిడ్డా. పానం మీదికి తెచ్చుకోకు."

అక్కా, ఆ కాగితం రాసి పెట్టాను. సంతకం పెట్టలేదు.

శ్యామల


విశాఖపట్నం,
అక్టోబరు 14

శ్యామలా,

నేను వేరే పలక చూసి పొరబడలేదు. దీనితో పాటు ఫొటో పంపుతున్నాను, నువ్వే చూడు.

పోయిన వారం దాకా చెవి. ఇప్పుడు చెంప, కనుకొస, ముక్కు అంచు. నువ్వు గీసిన వీపు అలాగే ఉంది, కొంగు మాత్రం భుజం మీదికి జారినట్టు ఉంది. మనోరమ గారు దగ్గరికి వెళ్ళి గోటితో గీకి చూశారు. "సున్నపురాయి కదమ్మా, ఉప్పుగాలికి చెమరుస్తుంది. లోపలున్న మరకలు పైకి తేలుతాయి" అన్నారు. ఆవిడ నలభై ఏళ్ళుగా ఈ పనిలో ఉన్నారు, నిజమే చెప్పి ఉంటారు. మరి పక్కనే ఉన్న రెండో పలక, మూడో పలక ఎందుకు చెమర్చలేదని అడిగాను. ఆవిడ కళ్ళజోడు తుడుచుకుని లోపలికి వెళ్ళిపోయారు.

నీకు ఒక సంగతి చెప్పలేదు. చెవి నువ్వు గీయలేదని తెలిశాక నాకు ఆ హాల్లో ఒక్కదాన్నే ఊడవడం కష్టమై, ఆ పలకను గోడ వైపు తిప్పి పెట్టాను. వారం రోజులు అలాగే ఉంచాను. గాలి తగలలేదు, వెలుతురు తగలలేదు. మొన్న తిప్పితే ఈ చెంప.

ఆమె పెద్ద మనిషిలా ఉందే. ఇరవై ఏళ్ళ పిల్లలా లేదు. కణత దగ్గర ఒక తెల్ల వెంట్రుక కూడా ఉంది. అందుకే ఒక మాట. మీ అత్త భయంలో పోల్చుకుని ఉండొచ్చు. చీలిన తమ్మె ఎంతమందికి లేదు? ఆమెను బాగా తెలిసినవాళ్ళకు ఎవరికైనా ఈ ఫొటో చూపించు. కాదని తేలితే నీకూ భయం పోతుంది, నాకూ పోతుంది.

నవంబరు పది మరిచిపోకు.

మహేశ్వరి


వికారాబాద్,
అక్టోబరు 27

అక్కా,

అమ్మ దగ్గరికని వచ్చాను. నిన్న ఇక్కడి నుంచి కోట్‌పల్లి పోయి అశ్విని తల్లి కాశమ్మను కలిశాను. ఈ బిళ్ల వేసుకున్న రోజు నుంచి ఆమెకు నేనూ కూతురినే. పండగకు నాకు రవిక గుడ్డ పంపుతుంది. కానీ ఒక్కదాన్నే ఆమె ఇంటికి పోవడం ఇదే మొదలు. ఆటో దిగాక దారి అడగడానికి సిగ్గేసి, రెండు వీధులు తప్పు తిరిగాను.

ఆమె వాకిట్లో మినుములు తూర్పారబడుతోంది. నన్ను చూడగానే చాట కింద పెట్టి నా ముఖం కాదు, ముందు నా మెడ చూసింది. కాళ్ళకు నీళ్ళిచ్చింది. ఫొటో ఇచ్చాను. ఏమీ చెప్పకుండా ఇచ్చాను, నేను చెప్పి ఆమె చేత అనిపించినట్టు కాకూడదని.

చేతులు తుడుచుకుని పట్టుకుంది. వెలుతురుకు తిప్పింది.

"ఎప్పటిది గిది?"

"మొన్నటిది."

ఆమె నవ్వింది అక్కా. నేను అన్నిటికీ సిద్ధపడి పోయాను, ఆ నవ్వుకు తప్ప.

"బొద్దుగైంది," అంది. "పోయేనాడు బొక్కల మీద తోలే ఉండె బిడ్డకు. చెంపలు చూడు, ఎట్ల నిండినయో."

"అశ్వినక్కేనా అమ్మా? ఈమెకు తెల్ల వెంట్రుక ఉంది కదా. ఆమె ఇరవై ఏళ్ళకే..."

కాశమ్మ తల మీది కొంగు వెనక్కి జరిపి తన కణత చూపించింది. తల సగం నెరిసింది కానీ, అక్కడొక పాయ మాత్రం బాగా తెల్లగా ఉంది.

"మా ఇంట్ల ఆడోళ్లకు ఇరవై ఐదు దాటంగనే గీడ ఒక్కటి తెల్లగైతది. మా అవ్వకు గంతే, నాకు గంతే. దానికి అయ్యేదాక ఉండలేదనుకున్న." ఫొటోను ఒళ్ళో పెట్టుకుని వేలితో ఆ వెంట్రుక మీద రాసింది. "అయిదేండ్ల సంది మొదటి ముద్ద పెడుతున్నవ్ గద బిడ్డా. తిన్నది, పెరిగింది. మంచిగ సాకినవ్."

నాకు అక్కడి నుంచి లేచి పరిగెత్తాలనిపించింది. ఆమె నా చెయ్యి వదల్లేదు. బొమ్మల సంగతి, గోడ మీద పేరు సంగతి చెప్పాను. చెప్పకుండా ఉండాల్సిందేమో. ఆమె మొదటిసారి ఏడ్చింది.

"దాని పేరు రాషన్ కార్డుల నుంచి కొట్టేసిన్రు. ఓట్ల నుంచి కొట్టేసిన్రు. గోడ మీద ఉన్నదంటున్నవ్. నువ్వు గూడ కొట్టెయ్యకు తల్లీ."

ఫొటో ఆమె దగ్గరే ఉంచుకుంది.

ఇప్పుడు చెప్పు, ఆ కాగితం మీద ఎలా సంతకం పెట్టను? పెట్టకపోతే ఈ పెరడు దాటి ఎప్పుడు వస్తాను? నా మధ్యాహ్నాలన్నీ ఆ పలకల్లో ఉన్నాయి అక్కా. ఆమెకు ముద్ద పెట్టాను, చీర పెట్టాను. నా చెయ్యి కూడా పెట్టెయ్యాలా?

శ్యామల


విశాఖపట్నం,
నవంబరు 3

శ్యామలా,

నీ ఉత్తరం మనోరమ గారికి చదివి వినిపించాను. ఆవిడ ఇక ఉప్పుగాలి మాట ఎత్తలేదు.

ఆమె ఇప్పుడు పూర్తిగా ఇటు తిరిగింది. కళ్ళు మాత్రం దించుకుని ఉంది, నీలాగే. అదే నన్ను ఎక్కువ భయపెడుతోంది. ఎప్పుడు ఎత్తుతుందో తెలియదు కదా. సాయంత్రం దీపాలు ఆర్పే పని వాచ్‌మన్‌కు అప్పగించాను. "ఏమ్మా, ఆ రాళ్ళకు భయపడతన్నావా?" అని ఎగతాళి చేశాడు. నిన్న అతనూ తలుపు దగ్గర నుంచే స్విచ్ నొక్కి వెళ్ళిపోయాడు.

నిన్ను సంతకం పెట్టమనడానికి నాకిప్పుడు నోరు రావడం లేదు. పెట్టొద్దనడానికీ రావడం లేదు. నువ్వు రాకపోతే ఈ అవకాశం మళ్ళీ రాదు. ఇది మొదటిసారి వాళ్ళకే, ఏ పేరున పెట్టినా పని ఒకసారి ఎంపికైతే ఆ మనిషిని మళ్ళీ ఫారం వేయనివ్వరు. ఇంకా వారం ఉంది. స్పీడ్ పోస్టులో పంపితేనే అందుతుంది.

ఏం చేసినా, నీకేమైనా అయితే ముందు నాకు తెలియాలి. పక్కింటి వాళ్ళ ఫోనైనా అడుగు. సిగ్గుపడకు.

అక్క


తాండూరు,
నవంబరు 6

అక్కా,

సంతకం పెట్టాను. కాగితం ఇందులోనే ఉంది. కానీ మనోరమ గారు అడిగిన వాక్యం కాదు.

నిన్న మధ్యాహ్నం అన్నం ముందు కూర్చున్నాను. మొదటి ముద్ద తీసి పక్కన పెట్టాను. ఆకలిగా ఉంది, గబగబా తిన్నాను. సగం తిన్నాక తోచింది. ఐదేళ్ళుగా మొదటి ముద్దే కదా పెట్టాను. కంచమంతా ఎప్పుడూ పెట్టలేదు. పెట్టమని అత్తమ్మ కూడా చెప్పలేదు. చీర తాకించి నేనే కట్టుకున్నాను. మరి మూడు పలకలూ ఆమె పేరున ఎందుకు రాశాను? ఆచారానికి రాయలేదు అక్కా, భయానికి రాశాను. ఇంకా నిజం చెప్పాలంటే సిగ్గుకు రాశాను. నా పేరు రాస్తే ఎవరైనా చూస్తారని.

కంచం పక్కకు జరిపి బిళ్ల చేతిలో పట్టుకుని గట్టిగానే అన్నాను. "మొదటి పలక నీది. దాని జోలికి నేను రాను. రెండోది, మూడోది నావి." వంటింట్లో ఎవరూ లేరు. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది.

కాగితంలో అదే రాశాను. మొదటి పలక అశ్వినిది. మిగిలిన రెండు నేను చేసినవి, పేరు శ్యామల, ఆధార్ నంబరు వేశాను.

సాయంత్రం అత్తమ్మకు చెప్పాను. ఆమె నా నుదురు పట్టి చూసింది. రాత్రంతా నా పక్కనే పడుకుని నా ఊపిరి వింటూ ఉంది. పొద్దున లేచాక "బతికే ఉన్నవ్ గద," అంది, కొంచెం కోపంగా. "ఇగ చాయ పెట్టుపో."

మా ఆయనకు నీ ఉత్తరాలన్నీ చదివి వినిపించాను. పొద్దున యూనిట్‌కు పోతూ గడప దగ్గర ఆగాడు. నా వైపు తిరగలేదు.

"నవ్వుతున్నదా?" అన్నాడు.

"ఏమో. కళ్ళు దించుకుని ఉందట."

"అట్లనే ఉంటుండె," అని చెప్పులు వేసుకుని పోయాడు. ఐదేళ్ళలో ఆమె గురించి ఆయన అన్న మొదటి మాటలు.

శ్యామల


విశాఖపట్నం,
నవంబరు 21

శ్యామలా,

నీ కాగితం తొమ్మిదో తారీకు సాయంత్రం అందింది. మనోరమ గారు రెండుసార్లు చదివి, "పేర్లు ఇరవై ఒకటి చెయ్యండి" అన్నారు. అంతే. చీటీలు నేనే కత్తిరించి అంటించాను. మొదటి పలక కింద "అశ్విని". మిగిలిన రెంటి కింద "శ్యామల, తాండూరు".

చీటీలు అంటించిన మరునాడు ఆమె కళ్ళెత్తింది.

నేననుకున్నట్టు మా వైపు చూడలేదు. కిటికీ వైపూ కాదు. పక్కకు చూస్తోంది, నీ రెండు పలకల వైపు. ఎలా చూస్తోందని అడగకు. నాకు పోల్చుకోవడం రావడం లేదు. పండగనాడు చెల్లెలి చీర చూసే అక్క ఎలా చూస్తుంది? బాగుందని చూస్తుందా, నాది కాదని చూస్తుందా?

నీకు గేటు పాసు తయారైంది. నీ పేరు మీదే. డిసెంబరు ఎనిమిదిన నేను సికింద్రాబాద్ స్టేషన్‌కు వస్తాను. అక్కడి నుంచి ఇద్దరం కలిసే వద్దాం. తాండూరులో ఎక్కి సికింద్రాబాద్‌లో దిగడం ఒక్కటే నీ పని.

రాకుండా ఉండకు.

మహేశ్వరి


రైలులో, వికారాబాద్ దాటాక,
డిసెంబరు 8

అక్కా,

ఈ ఉత్తరం పోస్టులో వేయను. ఇంకో గంటన్నరలో నీ చేతికే ఇస్తాను. నోటితో చెప్పడం మొదలుపెడితే సగంలో ఆగిపోతాను, అందుకే రాస్తున్నాను. అక్షరాలు వంకరగా ఉంటే బండి ఊపు అనుకో.

తాండూరులో మా ఆయన కౌంటర్ దగ్గర "సికింద్రాబాద్‌కు రెండు" అన్నాడు. తనూ వస్తున్నాడనుకుని సంతోషపడ్డాను. బండి వచ్చాక రెండు టికెట్లూ నా చేతిలో పెట్టాడు.

"రావా మరి?"

"నాకు డ్యూటీ ఉన్నది."

"ఇంకో టికెట్ ఎవరికి?"

నా మెడ వైపు చూపించాడు. "గామెకు. టికెట్ లేకుంట ఎట్ల పోతది?" అన్నాడు, మామూలుగా, కూరగాయల సంగతి చెప్పినట్టు. లోపలికి ఎక్కి రెండు సీట్లు పట్టి, ఒకదాని మీద తన తువ్వాలు పరిచి దిగిపోయాడు. కిటికీ దగ్గర సీటు మీదే పరిచాడు. బండి కదిలాక నేను ఆ తువ్వాలు ఇవతలి సీటు మీదికి జరిపి కిటికీ దగ్గర కూర్చున్నాను. ఆమెను అడగలేదు. ఊపిరి బాగానే ఆడుతోంది.

వికారాబాద్‌లో చాలామంది ఎక్కారు. నిలబడడానికి కూడా చోటు లేదు. తువ్వాలు చూసి "ఎవరో ఉన్నరు" అనుకుంటూ అందరూ ముందుకు పోయారు. నాకు పాపమనిపించింది. ముసలివాళ్ళు, పిల్లల తల్లులు నిలబడి ఉన్నారు. శంకర్‌పల్లి రాకముందే తువ్వాలు తీసి మడిచి ఒళ్ళో పెట్టుకున్నాను. ఇప్పుడు సీటు ఖాళీగా ఉంది.

శంకర్‌పల్లిలో ఎక్కిన ఇద్దరు మగవాళ్ళు దాని దాకా వచ్చారు. చూశారు. "ఉన్నరు పా," అని పక్కకు తిరిగారు. తర్వాత కాలేజీ పిల్ల ఒకతె బ్యాగు పెట్టబోయి, "సారీ" అని వెనక్కి తీసుకుంది. అక్కా, సీటు మీద ఏమీ లేదు. నేను చేత్తో తడిమి చూశాను. రెక్సిన్ వెచ్చగా ఉంది. ఎండ మాత్రం ఇటువైపు లేదు.

ఇప్పుడే ఒక ముసలామె మూటతో వచ్చింది. అందరిలా పోలేదు, కాళ్ళు నొప్పులేమో. ఖాళీ సీటు ముందు నిలబడి "జర జరుగు బిడ్డా" అంది. నేను జరగబోయాను. "నువ్వు కాదు తల్లీ," అని, ఒక్క నిమిషం ఆగి, సీటు చివర సగం మీద కూర్చుంది. నాకూ ఆమెకూ మధ్య ఇంకొకరు పట్టేంత చోటు వదిలింది. మూట విప్పి వేయించిన పల్లీలు తీసి నాకు కొన్ని పెట్టింది, మధ్యలో కొన్ని పెట్టింది.

"ఏడికి పోతున్రు ఇద్దరక్కజెల్లెండ్లు?"

నా సంగతి నీకు తెలుసు కదా. కొత్తవాళ్ళడిగితే నాకు మాట రాదు. ఈసారి వచ్చింది.

"విశాఖపట్నం. నా బొమ్మలు గోడకు పెట్టిన్రు, చూసెతందుకు," అన్నాను.

పక్క నుంచి ఎవరూ కాదనలేదు.

శ్యామల